హౌస్‌వైఫ్ అనే మాట ఎన్ని ఇళ్లు తిరిగిందో

ఏ ఫారం నింపినా మనల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. పిల్లల్ని బళ్లో చేర్చేటప్పుడు, బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు, ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు, ఆఖరికి పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్నావిడ పలకరించినప్పుడు కూడా. "ఏం చేస్తుంటారండీ?" అని. మనలో చాలామంది జవాబు ఒకటే. "ఏం లేదండీ, హౌస్‌వైఫ్‌ని."

ఆ జవాబులో నా చెవికి గుచ్చుకునేది ముందున్న ‘ఏం లేదండీ’. తెల్లారి అయిదింటికి స్టవ్ వెలిగించి రాత్రి పదింటికి వంటింట్లో లైటు తీసే మనిషి ‘ఏం లేదు’ అని ఎందుకంటుంది? డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కనక మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నాకు మొదటినుంచీ సరదా. అలా ఈ హౌస్‌వైఫ్ సంగతి కూడా తవ్వుకుంటూ పోతే దాని వెనక దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కథ కనబడింది. ఆ కథలో ఈ మాట ఒకచోట పెత్తనం చేసింది, ఒకచోట తిట్టయింది, ఒకచోట సిపాయి జేబులో సంచీ అయింది. ‘ఏం లేదు’ అన్న ముక్క దానికి అంటుకున్నది చాలా ఆలస్యంగా. అదెలాగో చెబుతాను.

ముందు మాట పుట్టుక చూద్దాం. హౌస్ అంటే ఇల్లు, అందులో పేచీ లేదు. వైఫ్ దగ్గరే తిరకాసు. పాత ఇంగ్లీషులో ‘విఫ్’ అంటే ఆడమనిషి అని మాత్రమే అర్థం. పెళ్లితో సంబంధం లేదు. వుమన్ అనే మాటలో మొదటి సగం కూడా ఈ ‘విఫే’. ఆ పాత అర్థం కొన్ని మాటల్లో ఇప్పటికీ మిగిలి ఉంది. కాన్పు చేసే ఆవిడని మిడ్‌వైఫ్ అంటారు కదా, ఆవిడ ఎవరికీ భార్య కానక్కర్లేదు. ‘మిడ్’ అంటే అక్కడ ‘తోడు’. కాన్పు వేళ తోడుండే ఆడమనిషి అన్నమాట. చేపలమ్మే ఆవిడని ఫిష్‌వైఫ్ అన్నదీ ఇలాగే. 13వ శతాబ్దం నాటికి రాతల్లో కనిపించే హౌస్‌వైఫ్ కూడా ఈ కోవలోదే. ఇంటిని నడిపే స్త్రీ, ఇంటి పెత్తనం చేతిలో ఉన్న స్త్రీ అని దాని అర్థం.

దీనికి జోడీ మాట హస్బెండ్. అది స్కాండినేవియా వాళ్ల పాత భాష నుంచి వచ్చింది. అందులో మొదటి ముక్క ‘హూస్’ అంటే ఇల్లే. రెండోది ‘బోండి’, అంటే సొంత ఇల్లూ పొలమూ ఉన్న గృహస్థు. అలా హస్బెండ్ అంటే మొదట ఇంటి యజమాని. అందుకే వ్యవసాయాన్ని, పొదుపుగా ఇల్లు నడపడాన్ని ఇంగ్లీషులో హస్బెండ్రీ అన్నారు. అంటే భార్యాభర్తలిద్దరి పేర్లలోనూ ఇల్లు ఉంది. కాలం గడిచేసరికి ఆయన పేరులోని ఇల్లు ఎవరికీ కనబడకుండా పోయింది, ఆవిడ పేరులోది అలాగే ఉండిపోయింది. ఈమధ్య ఇంట్లో ఉండే మగవాళ్లని హౌస్ హస్బెండ్ అంటున్నారు. ఆ మాటలో ఇల్లు రెండుసార్లు వచ్చిందని అనేవాళ్లకి తెలియదు, మనం గేటు తలుపు అన్నట్టు.

మన ఇల్లాలు మాట కూడా ఇలాంటి కట్టుబడే చూడండి. ఇల్లు, ఆలు కలిస్తే ఇల్లాలు. గృహం ఉన్నది గృహిణి. ఇంటికి దీపం ఇల్లాలు అన్నా, ఇల్లు చూసి ఇల్లాలిని చూడు అన్నా ఆ ఇంటి మంచిచెడ్డలు ఆవిడ చేతిలో ఉన్నాయనే. హౌస్‌వైఫ్ తొలి అర్థం కూడా దీనికి దగ్గరగా ఉండేది.

ఆ పెత్తనం ఎంత పెద్దదో తెలియాలంటే ఇంగ్లండులో 16, 17 శతాబ్దాల్లో వచ్చిన పుస్తకాలు చూడాలి. థామస్ టసర్ అనే ఆయన 1557లో సేద్యం గురించి నూరు సూత్రాలు పద్యాల్లో రాశాడు. తరవాత దానికి ఇల్లాలి పనుల సూత్రాలు కూడా చేర్చాడు. 1573 నాటికి అది అయిదు వందల సూత్రాల పుస్తకం అయింది. 1615లో జెర్వాస్ మార్కమ్ అనే ఆయన ‘ది ఇంగ్లిష్ హస్‌వైఫ్’ అని ఒక పుస్తకమే వేశాడు. ఇల్లాలికి తెలిసి ఉండాల్సినవి అంటూ అందులో ఆయన చెప్పిన పనుల పట్టిక చదివితే కళ్లు తిరుగుతాయి. వంట కన్నా ముందు వచ్చేది వైద్యం. జ్వరాలకూ గాయాలకూ ఇంట్లోనే మందులు తయారు చేసుకోవాలి. ఆ తరవాత వంట, విందుల ఏర్పాటు. నూనెలు, పరిమళ ద్రవ్యాలు తీయడం. ఉన్ని, నార వడికి బట్ట నేయించడం, రంగులు అద్దడం. పాడి, వెన్న, జున్ను. ధాన్యం మొలకెత్తించి బీరు కాయడం, రొట్టె కాల్చడం.

ఇవాళ ఈ పట్టికని విడగొడితే ఒక ఆసుపత్రి, ఒక బట్టల మిల్లు, ఒక డెయిరీ, ఒక బేకరీ, ఒక మందుల కంపెనీ అవుతాయి. అప్పట్లో ఇవన్నీ ఒక ఇంటి పెరట్లో, ఒక ఆడమనిషి అజమాయిషీలో ఉండేవి. ఇల్లే పని జరిగే చోటు కనక ఇంటి మనిషి అంటే పని లేని మనిషి అని ఎవరికీ తోచి ఉండదు. మన అమ్మమ్మల కాలం గుర్తు చేసుకోండి. వడ్లు దంచడం, పాడి, ఊరగాయలు, నెయ్యి కాచడం, పిల్లలకు కషాయాలు. మార్కమ్ పుస్తకం వాళ్ల చేతికిస్తే బీరు ఒక్కటి తీసేసి మిగతావన్నీ మా పనులే కదా అనేవాళ్లు.

ఇక తిట్టు సంగతి. నోట్లో నాని నాని హౌస్‌వైఫ్ అనే మాట ‘హజిఫ్’ అయింది, ఇంకా అరిగి ‘హజీ’ అయింది. ఇప్పుడు ‘హసీ’ అని కూడా పలుకుతారు. 16వ శతాబ్దంలో ఈ పొట్టి రూపానికి కూడా ఇల్లాలనే అర్థం. తరవాత మొరటు పల్లెటూరి ఆడది అని, అక్కడినుంచి పొగరుబోతు పిల్ల అని జారింది. 17వ శతాబ్దం మధ్యకల్లా చెడు నడత గల ఆడదని తిట్టుగా స్థిరపడింది. షేక్‌స్పియర్ కాలానికే పూర్తి మాటకి కూడా ఈ మరక అంటుకుంది. ‘హెన్రీ ది ఫిఫ్త్’ నాటకంలో పిస్టల్ అనే పాత్ర తనని మోసం చేసిన అదృష్టదేవతని తిట్టడానికి వాడిన మాట హస్‌వైఫే. ఒకే మాట రెండు ముక్కలై, నిండుగా పలికితే గౌరవం, నలిపి పలికితే తిట్టు అయి కూర్చుంది.

ఇది చదివినప్పుడు నాకు కాలేజీ రోజుల అర్థవిపరిణామం పాఠం గుర్తొచ్చింది. అర్థసంకోచానికి చీర, అర్థవ్యాకోచానికి నూనె ఉదాహరణలని మీలో తెలుగు చదువుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అలాగే అర్థాపకర్షకి ‘సాని’ చెప్పేవారు. స్వామిని అన్న సంస్కృత మాట నుంచి సాని వచ్చింది. అంటే యజమానురాలు, గౌరవనీయురాలు. దొరసానిలో ఆ గౌరవం నేటికీ ఉంది. కానీ విడిగా సాని అంటే ఏ అర్థానికి దిగజారిందో నేను చెప్పక్కర్లేదు. ఇంకో చిత్రం ఏమిటంటే, ఇంగ్లీషువాళ్లకి మిడ్‌వైఫ్ ఎలాగో మనకి మంత్రసాని అలాగ. అక్కడ వైఫ్, ఇక్కడ సాని, రెండూ కాన్పు చేసే చేతుల దగ్గర మాత్రం పాత గౌరవంతోనే మిగిలాయి. సప్తసముద్రాల అవతల వాళ్లకీ మనకీ మాటలు వేరైనా, ఆడదాని గౌరవ పదాన్ని తిట్టుగా మార్చే తోవ మాత్రం ఒకటే. స్వామి ఇంకా స్వామిగానే ఉన్నాడు, స్వామిని మాత్రం సాని అయింది. హస్బెండ్ మాటకి కూడా ఏ మరకా అంటలేదు.

ఇప్పుడు సంచీ సంగతి. 18వ శతాబ్దంలో హౌస్‌వైఫ్ అనే మాటకి ఎవరూ ఊహించని అర్థం ఒకటి వచ్చి చేరింది. సూదులు, దారాలు, బొత్తాలు, అంగుస్తానా పెట్టుకునే చిన్న బట్ట సంచీ. చుట్టచుట్టి నాడాతో కట్టేసుకుంటే జేబులో పడుతుంది. దీన్ని ‘హజిఫ్’ అనే పలికేవారు. సైనికులు, నావికులు, ఇల్లు వదిలి దూరం వెళ్లే మగవాళ్లు దీన్ని వెంట పెట్టుకునేవాళ్లు. అమెరికా అంతర్యుద్ధంలో సిపాయిలకు తల్లులూ, భార్యలూ, అక్కచెల్లెళ్లూ కుట్టి ఇచ్చినవి ఇప్పటికీ అక్కడి మ్యూజియాల్లో ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ సిపాయి సామానులో హౌస్‌వైఫ్ ఒక వస్తువు. ఊడిన బొత్తాం, చిరిగిన మేజోడు ఎవరిది వాళ్లే కుట్టుకోవాలి.

నాకు ఈ సంచీ కథంటే భలే ఇష్టం. యుద్ధానికి వెళ్లే మగవాడికి తుపాకీతో పాటు ఒక హౌస్‌వైఫ్ కూడా ఇచ్చి పంపారు. కుట్టుపని ఆడవాళ్ల చేతికే పుట్టుకతో వస్తుందని ఇంటి దగ్గర చెప్పినవాళ్లే, అవసరం వచ్చేసరికి లక్షల మంది మగవాళ్లకి సూదీ దారం అప్పగించారు. వాళ్లు శుభ్రంగా కుట్టుకున్నారు కూడా.

ఈ మాట ఇంకా చిన్నచిన్న చోట్ల కూడా కాపురం పెట్టింది. బ్రిటన్‌లో నేటికీ దుకాణాలకి వెళితే హౌస్‌వైఫ్ పిల్లో కేస్ అని అమ్ముతారు. అంచు కుచ్చులేమీ లేకుండా, దిండు బయటికి జారకుండా లోపల మడత ఉండే మామూలు గలీబు అది. బీబీసీ రేడియోలో 1946 నుంచి 1967 వరకు ‘హౌస్‌వైవ్స్ చాయిస్’ అని ఉత్తరాల ద్వారా కోరిన పాటలు వేసే కార్యక్రమం నడిచింది.

మరి ‘ఏం లేదు’ ఎప్పుడు అంటుకుంది? మిల్లులు వచ్చి ఇంట్లో జరిగే పనులు ఒక్కొక్కటే బయటికి పోయాక. నూలు మిల్లుకి పోయింది, బీరు కంపెనీకి పోయింది, వైద్యం డాక్టరుకి పోయింది. పనితో పాటు కూలి డబ్బు కూడా బయటే చేతికి రావడం మొదలైంది. ఇంట్లో మిగిలిన పనికి, వంటకి, పిల్లలకి, ముసలివాళ్ల సేవకి డబ్బు రాదు. డబ్బు రాని పని పనే కాదన్న లెక్క అక్కడ మొదలైంది.

దీనికి జనాభా లెక్కలే సాక్ష్యం. బ్రిటన్‌లో 1851 జనాభా లెక్కల్లో భార్యలు, తల్లులు చేసే ఇంటి పనిని గుర్తించి వాళ్లకి విడిగా ఒక తరగతి ఇచ్చారు. 1881 వచ్చేసరికి ఇంగ్లండు లెక్కల్లో వాళ్లే ఏ పనీ లేనివాళ్ల జాబితాలోకి వెళ్లిపోయారు. అమెరికాలో కూడా 1900 నాటికి ఇల్లాళ్లని పసిపిల్లలు, రోగులు, వృద్ధులతో కలిపి ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లుగా లెక్క కట్టారని నాన్సీ ఫోల్బ్రే అనే ఆర్థికవేత్త చూపించారు. ముప్ఫై, యాభై ఏళ్లలో ఆడవాళ్లు పని మానేయలేదు. గుమాస్తా కలం మాత్రం వేరే గడిలో పడింది. మన నోట్లో ‘ఏం లేదండీ’ ఆ గడిలోంచి వచ్చిందే.

కేంబ్రిడ్జి ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లో తన పుస్తకంలో ఈ లెక్కలోని వింత ఒకటి ఎత్తి చూపాడు. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆవిడని పెళ్లి చేసుకుంటే దేశ ఆదాయం తగ్గిపోతుంది! ఆవిడ నిన్న చేసిన పనే ఇవాళా చేస్తుంది, జీతం ఆగింది అంతే. మన భాషలో చెప్పాలంటే, మనం ఇంట్లో వండిన గుత్తివంకాయ కూర దేశం లెక్కలోకి రాదు, అదే కర్రీ పాయింట్‌లో వండితే వస్తుంది.

మన దేశంలో ఇదేదో పుస్తకాల గొడవ అనుకోకండి. ఇల్లాలు ప్రమాదంలో పోయినప్పుడు ఈ లెక్క నేరుగా పిల్లల నోటి ముందుకి వస్తుంది. పోయిన మనిషి సంపాదన ఎంత అన్నదాన్ని బట్టే పరిహారం. సంపాదన లేని ఇల్లాలికి ఎంత కట్టాలి? 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టికలో సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా లెక్కించమన్నారు. అంటే ఒకే వీధిలో ఒకేలా చాకిరీ చేసే ఇద్దరు ఆడవాళ్ల ఖరీదు వాళ్ల మొగుళ్ల జీతాలను బట్టి మారేది. 1989లో జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో జరిగిన అగ్నిప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2001లో ఇల్లాళ్ల సేవల విలువని నెలకి 3000 రూపాయలుగా కట్టింది. తక్కువే, కానీ మొగుడి జీతంతో ముడిపెట్టకుండా ఆవిడ పనికే వెల కట్టింది.

2010లో మరో ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎ.కె.గంగూలీ మన జనాభా లెక్కల మీదే మండిపడ్డారు. 2001 లెక్కల్లో ఇంటి పని చేసేవాళ్లని పని చేయనివాళ్ల కింద వేసి, బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలతో ఒకే వరసలో కూర్చోబెట్టారని. 2021 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది. అందులో అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ గారు విడిగా తన అభిప్రాయం రాస్తూ, 2011 లెక్కల ప్రకారం ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 15 కోట్ల 98 లక్షల మంది, మగవాళ్లు 58 లక్షల మంది అని గుర్తు చేశారు. ఇల్లాలికి ఆదాయం లెక్కగట్టడమంటే ఆవిడ శ్రమని గుర్తించడమే అన్నారు. ఆ శ్రమ ఎంతో కూడా లెక్క ఉంది. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. పిల్లల, పెద్దల సంరక్షణకి పెట్టే సమయం వేరే.

మాట మారిస్తే సరిపోతుందా? 2023లో సుప్రీంకోర్టు ఆడవాళ్ల గురించి చులకన మాటలు వాడవద్దని ఒక చేతిపుస్తకం వేసింది. హౌస్‌వైఫ్ బదులు హోమ్‌మేకర్ అనమంది. మంచిదే. కానీ మన తెలుగు అనుభవం చూస్తే పేరు ఎంత గొప్పగా ఉన్నా లెక్క మారకపోవచ్చు. మద్రాసు నుంచి కె.ఎన్.కేసరి గారు 1928లో తెచ్చిన స్త్రీల పత్రిక పేరు ‘గృహలక్ష్మి’. కనుపర్తి వరలక్ష్మమ్మ గారి ‘శారద లేఖలు’ అందులోనే వచ్చాయి. ఆడవాళ్ల చదువుకీ, రాతకీ అది చేసిన మేలు చిన్నది కాదు. అయితే మన ఇళ్లలో ఆ గృహలక్ష్మి అనే పేరు ఏమయింది? లక్ష్మి అన్నారు, దణ్ణం పెట్టారు, ఖాతాపుస్తకం మాత్రం చేతికివ్వలేదు. పి.సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లలుకుతూ తన పేరే మరిచిపోతుంది. పిన్నిగారూ అని, అమ్మా అని, ఏమోయ్ అని పిలిచేవాళ్లే తప్ప ఆ ఇంట్లో పేరు చెప్పేవాళ్లు లేరు. ఆవిడకి కావలసింది ఇంకో బిరుదు కాదు.

మాట మీద కన్నా లెక్క మీద చెయ్యి పడినప్పుడే పాత అర్థం తిరిగి వస్తుందని నాకు అనిపిస్తుంది. 1945లో యుద్ధం ముగిసినా రేషన్లూ క్యూలూ తగ్గనందుకు బ్రిటన్ ఆడవాళ్లు బ్రిటిష్ హౌస్‌వైవ్స్ లీగ్ అని సంఘం కట్టి ప్రభుత్వాన్ని నిలదీశారు. అక్కడ హౌస్‌వైఫ్ అంటే ఇంట్లో బియ్యం డబ్బా ఎంత ఖాళీగా ఉందో తెలిసిన మనిషి. మన దగ్గర 2013 ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్ రేషన్ కార్డుకి కుటుంబ పెద్దగా 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడ పేరే ఉండాలంది. చూశారా, 13వ శతాబ్దపు హౌస్‌వైఫ్ అర్థం అక్షరాలా అదే! తమిళనాడులో 2023లో అర్హులైన కుటుంబాల్లో ఇల్లాళ్లకి నెలకి 1000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. దానికి వాళ్లు సాయం అని పేరు పెట్టలేదు, ‘ఉరిమై తొగై’ అన్నారు. హక్కు సొమ్ము అని. వెయ్యి రూపాయలు ఏ మూలకి అనకండి. సాయం అంటే తల వంచుకుని తీసుకోవాలి, హక్కు అంటే అక్కర్లేదు.

కాబట్టి నా మటుకు నాకు హౌస్‌వైఫ్ అన్నా కోపం లేదు, హోమ్‌మేకర్ అన్నా మురిపెం లేదు. ఇల్లాలు అంటే మరీ ఇష్టం, అది మన మాట. ఫారంలో ఏది రాసినా పర్వాలేదు. ముందున్న ‘ఏం లేదండీ’ ఒక్కటి తీసేద్దాం. అది మన మాటలో మొదటినుంచీ లేదు, ఎవరో గుమాస్తా నూట నలభై ఏళ్ల కిందట అంటించి పోయాడు. ఈసారి ఆడపిల్లలు పక్కనుండగా ఎవరైనా అడిగితే కాస్త నిదానంగా, నిండుగా చెప్పండి. వాళ్లు ఆ మాటని ఎలా వింటారో రేపు అలాగే పలుకుతారు.